కోట పక్కన పెట్టు, వీధిలో ఒక ఇల్లు కట్టు

ప్రశ్న: అక్కా, మాది ఖమ్మం. బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ నుంచి మైన్‌క్రాఫ్ట్ ఆడుతున్నాను, అదే, చదరపు బ్లాకులు పేర్చి కట్టే కంప్యూటర్ ఆట. నాకు యుద్ధాలు పట్టవు, కట్టడమే ఇష్టం. కిందటేడు ఆరు నెలలు కూర్చుని ఒక పెద్ద కోట కట్టాను. మధ్యయుగపు యూరప్ ఊళ్ళను అందరూ కలిసి కట్టే ఒక బృందం ఉంది. ఆ కోట ఫొటోలు పెట్టి అందులో చేరడానికి అప్లై చేశాను. 'స్కేల్ సరిగ్గా లేదు, గోడలు చదునుగా ఉన్నాయి, మామూలు ఇళ్ళు కట్టి మళ్ళీ రండి' అని రెండు ముక్కల్లో తిప్పి పంపారు. చాలా బాధేసింది. మళ్ళీ అప్లై చేయాలని ఉంది, కానీ టెన్షన్‌గా ఉంది. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. వాళ్ళంతా యూరప్, అమెరికా వాళ్ళు. ఓరుగల్లు కీర్తి తోరణం కూడా కట్టాను, అది పంపొచ్చా? అమ్మాయినని చెప్పాలా, వద్దా? అమ్మ చూస్తే 'ఈ ఇటుకలాట ఎన్నాళ్ళే' అంటోంది. కోట ఫొటోలు నాలుగు, తోరణం ఫొటో ఒకటి జత చేస్తున్నాను. ఏం చేయమంటారు?

సమాధానం: చెల్లీ, మళ్ళీ అప్లై చెయ్. ఈ వారమే వద్దు. ఒక నెల ఆగి చెయ్. ఆ నెలలో చేయాల్సిన పని వాళ్ళే నీకు చెప్పారు, బాధలో నువ్వు సరిగ్గా చదవలేదు. 'మామూలు ఇళ్ళు కట్టి మళ్ళీ రండి' అన్నారు. వద్దనుకున్నవాళ్ళకి ఎవరూ 'మళ్ళీ రండి' అని రాయరు.

నా మొదటి అప్లికేషన్ కూడా ఇలాగే తిరిగొచ్చింది. నేను పంపింది కోట కాదు, పెద్ద చర్చి. ఆ బృందం వాళ్ళు కారణం కూడా రాయలేదు. పది రోజులు ఆట తెరవలేదు నేను. తర్వాత వేరే బృందంలో చేరాను. కొన్నేళ్ళకి, కొత్తవాళ్ళ అప్లికేషన్లు చూసే పని నాకూ అప్పజెప్పారు. అవతలి కుర్చీలో కూర్చున్నాకే నాకు విషయం అర్థమైంది. అక్కడ కూర్చున్నవాళ్ళు నీ కట్టడం ఎంత గొప్పగా ఉందో చూడరు. ఈ అమ్మాయికి మా ఊళ్ళో ఒక స్థలం ఇస్తే, పక్కింటిని చూసి కడుతుందా, లేదా అని చూస్తారు. నేను పంపిన చర్చిలో ఆ ప్రశ్నకి జవాబు లేదు. నీ కోటలోనూ లేదు.

ఇలాంటి బృందాలు ఎలా పనిచేస్తాయో ఒకసారి ఆలోచించు. 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' కథల్లోని మిడిల్ ఎర్త్ లోకాన్ని ఆటలో కట్టే బృందం 2010లో, 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'లోని వెస్టెరోస్ కట్టే బృందం 2011లో మొదలయ్యాయి. ఇప్పటికీ కడుతూనే ఉన్నారు. ఒక పట్నం కట్టాలంటే ముందు ఒకరు నక్షా గీస్తారు. వీధులు వేస్తారు. ఏ పేటలో ఎవరుంటారు, ఏ రాయి వాడాలి, కప్పు దేనితో వేయాలి అని ముందే అనుకుంటారు. ఆ తర్వాత స్థలాలు పంచుతారు. కోటలూ గుళ్ళూ కట్టే అవకాశం ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళకి వస్తుంది. మిగతా ఊరంతా ఇళ్ళే. చెప్పులు కుట్టేవాడి ఇల్లు, రొట్టెలు కాల్చేవాడి ఇల్లు, ఒక వితంతువు ఇల్లు, దాని వెనక పందుల దొడ్డి. వాళ్ళకి కావలసింది ఈ ఇళ్ళు కట్టే మనిషి.

ఇక స్కేల్ సంగతి. నువ్వు పంపిన మూడో ఫొటోలో కోట గోడ కింద ఒక తలుపు కనిపిస్తోంది. తలుపు ఎప్పుడూ రెండు బ్లాకులే కదా. దాన్ని పట్టుకుని పైదాకా లెక్కపెట్టాను, గోడ 46 బ్లాకులు వచ్చింది. ఆటలో ఒక బ్లాకు అంటే ఒక మీటరు. అంటే నీ గోడ పదిహేనంతస్తుల అపార్ట్‌మెంట్ అంత ఎత్తు. బ్రిటన్‌లోని వేల్స్‌లో కాన్వే అని ఒక కోట ఉంది, ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ 1283 నుంచి 1287 మధ్య కట్టించాడు. యూరప్ కోటల్లో పేరున్నది. దాని బురుజుల ఎత్తే సుమారు 20 మీటర్లు. నీ గోడ దానికి రెట్టింపు కన్నా ఎక్కువ. నువ్వు కట్టిన కోట పక్కన ఎవరు ఇల్లు కట్టినా అది అగ్గిపెట్టెలా కనిపిస్తుంది. వాళ్ళు స్కేల్ అన్నది దీని గురించే.

అదే కాన్వే ఊరి చుట్టూ 1.3 కిలోమీటర్ల ప్రహరీ గోడ ఉంది, 21 బురుజులు, మూడు ద్వారాలు. ఊరు చిన్నదే. ఆ ఫొటోలు వెతికి చూడు. కోట అంత గంభీరంగా ఎందుకు కనిపిస్తుందో తెలుస్తుంది. దాని కింద ఇళ్ళు చిన్నవిగా ఉండబట్టి!

ఇప్పుడు ఈ నెలలో నువ్వు కట్టాల్సిన ఇల్లు. నా మాట విని, పేపర్ మీద గీసుకుని కట్టు. స్థలం వీధి వైపు 7 బ్లాకుల వెడల్పు, లోపలికి 10 బ్లాకులు. అప్పటి పట్నాల్లో వీధి వైపు జాగా ఖరీదు ఎక్కువ, అందుకే ఇళ్ళు సన్నగా, పొడుగ్గా వెనక్కి సాగేవి. కింది గది రాతిగోడ, ఎత్తు 3 బ్లాకులు. పై గది కర్ర చట్రం, అదీ మూడే. పై గది వీధి మీదికి ఒక బ్లాకు ముందుకు రావాలి. ఇంగ్లండులోని యార్క్‌లో షాంబుల్స్ అనే పాత కసాయి వీధి ఇప్పటికీ ఉంది. పై అంతస్తులు రెండు వైపుల నుంచీ ముందుకొచ్చి, కింద నిలబడితే ఆకాశం సన్నటి పట్టీలా కనిపిస్తుంది. పైన గది కాస్త పెద్దదవుతుంది, కింద వీధి ఇరుకు కాదు, అందుకే అలా కట్టుకునేవాళ్ళు. నువ్వు ఆ ఒక్క బ్లాకు ముందుకు జరిపావంటే, చూసేవాళ్ళకి ఈ అమ్మాయి అసలు ఇళ్ళను చూసిందని అర్థమైపోతుంది.

గోడలు చదునుగా ఉన్నాయన్నారు. దానికి మందు ఇది. పై గదికి ముందు నిట్రాళ్ళు నిలబెట్టు. వీధి వైపు గోడలో ఒకటో బ్లాకు, నాలుగో బ్లాకు, ఏడో బ్లాకు దగ్గర డార్క్ ఓక్ అనే ముదురు రంగు కర్ర దుంగలు. వాటి మధ్య వచ్చే తెల్లగోడను ఆ దుంగల వరుసలో పెట్టకు, ఒక బ్లాకు లోపలికి నెట్టు. అప్పుడు మధ్యాహ్నం వెలుగులో కూడా దుంగల పక్కన నీడ పడుతుంది. బ్లాకు కాస్త లోపలికి పోవడం, కాస్త బయటికి రావడం, వాళ్ళు డెప్త్ అనేది ఇదే. కిటికీ కింద ఒక స్లాబ్ (సగం ఎత్తు బ్లాకు) పెట్టు. చూరు గోడకన్నా ఒక బ్లాకు బయటికి రానివ్వు. ఇంతకు మించి చేయకు. కొత్తవాళ్ళు డెప్త్ అనగానే ప్రతి అంగుళంలో ఫెన్సులూ బటన్లూ అతికిస్తారు, ఇల్లు ముళ్ళపందిలా తయారవుతుంది.

ఆ దుంగల మధ్య తెల్లగోడ అసలు ఏమిటో తెలుసా? సన్నటి కొమ్మలతో తడిక అల్లి, దాని మీద మట్టీ పేడా గడ్డీ కలిపి మెత్తి, పైన సున్నం కొట్టేవాళ్ళు. మన పల్లెల్లో తడికగోడ ఎలా కడతారో అలాగే. మీ తాతయ్య వాళ్ళ ఊళ్ళో పాతిళ్ళు ఉంటే వెళ్ళి చూడు. మట్టిగోడ ఎక్కడ పాడవుతుంది? చూరు నీళ్ళు పడే చోట, నేలకి ఆనుకున్న చోట. యూరప్‌లో అయినా అంతే. అందుకే కింద రాయి, పైన మట్టి. ఈ లెక్క తెలిస్తే రంగులు కలపడం కూడా తెలిసిపోతుంది. నీ కోట గోడలో కాబుల్‌స్టోన్, ఆండిసైట్ అనే బూడిద రంగు రాళ్ళు, నాచు పట్టిన రాయి కలిపావు, మంచిదే. కానీ ఉప్పూ కారం కలిపి చల్లినట్టు ఎక్కడపడితే అక్కడ వేశావు. నాచు ఊరికే పట్టదు. చూరు నీళ్ళు కారే చోట, ఎండ తక్కువ తగిలే ఉత్తరపు గోడకి, నేలకి దగ్గర్లో పడుతుంది. అక్కడ వెయ్. మిగతా చోట్ల మామూలు రాయి ఉంచు. పాదం దగ్గర ముదురు రంగు, పైకి పోయేకొద్దీ లేత రంగు. చాలు.

కప్పు వాలుగా ఉండాలి, చాలా వాలుగా. గడ్డి కప్పు మీద నీళ్ళు నిలవకూడదు కదా. మన పాకల వాలు గుర్తుందిగా. ఆటలో స్టెయిర్స్ (మెట్టు ఆకారపు బ్లాకులు) వరసగా పేర్చుకుంటూ పోతే 45 డిగ్రీల వాలు వస్తుంది, పట్నంలో ఇంటికి అది సరిపోతుంది. ఇంకా నిటారుగా కావాలంటే స్టెయిర్ ఒకటి, నిండు బ్లాకు ఒకటి మార్చి మార్చి పెట్టు. గడ్డి కప్పుకి హే బేల్ (గడ్డిమోపు బ్లాకు) చాలామంది వాడతారు. అయితే ఒక్క మాట. ఇల్లు ఏ పట్నంలో ఉందో చూసుకుని కప్పు వెయ్. లండన్‌లో 1212లో పెద్ద అగ్నిప్రమాదం తర్వాత కొత్తగా గడ్డి కప్పులు వేయొద్దని ఆజ్ఞ వేశారు. కిక్కిరిసిన పట్నంలో పెంకులో చెక్క పలకలో వేస్తే నమ్మబుద్ధేస్తుంది. ఊరి బయట పొలం ఇంటికి గడ్డి బాగుంటుంది.

రాయి సంగతీ అంతే. ఏ ఊరి రాయి ఆ ఊరిదే, బండ్ల మీద దూరం నుంచి తేవడం ఖర్చు. ఉత్తర జర్మనీలో లూబెక్ వైపు కట్టడానికి మంచి రాయి దొరకదు. అందుకే చర్చిలు, కోటద్వారాలు కూడా ఎర్ర ఇటుకతో కట్టారు. ఫ్రాన్స్‌లో గెడెలాన్ అనే చోట 1997 నుంచీ 13వ శతాబ్దం పద్ధతుల్లోనే ఒక కోట నిజంగా కడుతున్నారు. క్రేన్ బదులు పెద్ద చెక్క చక్రం, దాని లోపల మనిషి నడుస్తుంటే రాళ్ళు పైకి లేస్తాయి. వాళ్ళు అడవి మధ్యలో పాడుబడ్డ రాతి గనిని చూసి మరీ ఆ జాగా ఎంచుకున్నారు. రాయి అక్కడే, కర్ర అక్కడే, మట్టీ ఇసకా అక్కడే. నాకు ఈ కట్టడాలన్నిటిలో ఎక్కువ నేర్పింది అదే. ఇల్లు మొదలుపెట్టే ముందు నువ్వూ ఒక వాక్యం రాసుకో. ఈ ఊరికి రాయి ఎక్కణ్ణుంచి వస్తుంది, కర్ర ఎక్కణ్ణుంచి వస్తుంది? జవాబు దొరికితే ఏ బ్లాకులు వాడాలో సగం తేలిపోతుంది.

లోపల కూడా కట్టు. చాలామంది డొల్ల ఇళ్ళు పంపుతారు. చూసేవాళ్ళు తలుపు తీసి లోపలికి వెళ్తారమ్మా. కింద పొయ్యి, ఒక బల్ల, మూలన పీపాలు. పైకి నిచ్చెన, పైన పరుపు, ఒక పెట్టె. వెనక దొడ్లో కట్టెల మోపు, ఇంత కూరమడి, కోళ్ళు. కిటికీలకి అద్దాలు వద్దు. అద్దం అప్పట్లో డబ్బున్నవాళ్ళకే. ట్రాప్‌డోర్లు (ఆటలో ఉండే పలచటి చదరపు తలుపులు) చెక్క రెక్కల్లా పెట్టు. ఈ ఇంట్లో ఎవరుంటున్నారో నీకు తెలిసి ఉండాలి. నేను ఒకసారి ఒకబ్బాయి అప్లికేషన్‌ని లోపలి గది చూసి మరో ఆలోచన లేకుండా ఒప్పుకున్నాను. బయట నుంచి ఇల్లు మామూలుగానే ఉంది. లోపల మగ్గం కట్టాడు, ఆ మగ్గానికి వెలుతురు పడాలని ఆ ఒక్క గదికి దక్షిణం వైపు కిటికీ పెద్దది పెట్టాడు.

ఫొటోలు తీసేటప్పుడు షేడర్లు, అంటే వెలుగునీడలకి అందం తెచ్చే అదనపు హంగులు, ఆపెయ్. నీ నాలుగు కోట ఫొటోల్లో రెండు సూర్యాస్తమయంలో ఉన్నాయి. అందంగా ఉన్నాయి కానీ గోడ కనిపించడం లేదు. వాళ్ళకి గోడ కావాలి. మిట్టమధ్యాహ్నం టైమ్ పెట్టి, ఎఫ్1 నొక్కి కింది పట్టీ తీసేసి, ఎఫ్2తో తియ్. ఫీల్డ్ ఆఫ్ వ్యూ (తెర మీద ఎంత వెడల్పు కోణం కనిపించాలనే సెట్టింగ్) మామూలుగా 70 ఉంటుంది, దాన్ని 40కి తగ్గించి కాస్త దూరం జరిగి తీస్తే ఇల్లు వంకర పోదు. వీధి వైపు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి, పైనుంచి ఒకటి, లోపల రెండు. మనిషి కళ్ళ ఎత్తులో ఒకటి తప్పకుండా ఉండాలి. ఇంకెవరి కట్టడం ఫొటో గానీ, డౌన్‌లోడ్ చేసిన ఇల్లు గానీ కలపకు. పేరున్న కట్టడాలన్నీ వాళ్ళు చూసినవే, క్షణంలో పట్టేస్తారు.

ఇంగ్లీషు గురించి దిగులు పడకు. బృందాల్లో చాలామందికి అది మాతృభాష కాదు. జర్మన్లు, పోలండ్ వాళ్ళు, బ్రెజిల్ వాళ్ళు ఉంటారు. మాటలు ఎక్కువగా టెక్స్ట్‌లోనే సాగుతాయి. వాయిస్‌లోకి రమ్మని అడిగినా, వింటాను, రాస్తాను అని చెప్పొచ్చు. అప్లికేషన్‌ని యంత్రం చేత పెద్ద పెద్ద మాటలతో రాయించకు. చిన్న వాక్యాలు చాలు. 'పోయినసారి నా కోట స్కేల్ తప్పని చెప్పారు. నిజమే. ఈ నెలలో ఒక ఇల్లు కట్టాను. ముందు పెట్టిన కప్పు మరీ చదునుగా ఉందని తీసేసి మళ్ళీ వేశాను' అని రాయి. తప్పు చెప్తే దిద్దుకునే మనిషివని ఆ మూడు నాలుగు వాక్యాల్లో తెలిసిపోతుంది. నేనైతే అది చదివాక ఫొటోలు ఓపిగ్గా చూస్తాను.

నీ టైమ్ కూడా రాయి. యూరప్‌లో చాలాచోట్ల రాత్రి ఎనిమిదైతే మనకి చలికాలం పన్నెండున్నర, ఎండాకాలం పదకొండున్నర. అందరూ కలిసి కట్టే వేళకి నువ్వు రోజూ ఉండలేవు. 'వారానికి రెండు రోజులు, శని ఆదివారాలు ఉంటాను' అని ఉన్నదున్నట్టు చెప్పు. సెమిస్టర్ పరీక్షల నెలలో కనిపించనని కూడా ముందే చెప్పు. రోజూ ఉంటానని రాసి మాయమయ్యేవాళ్ళ వల్ల వీధుల్లో సగం కట్టిన ఇళ్ళు మిగిలిపోతాయి, అది చూసేవాళ్ళకి చాలా విసుగు.

ఇక తోరణం. పంపు! చివరి ఫొటోగా ఒక్కటే పంపు, కింద రెండు మాటలు రాసి. కాన్వేలో ఎడ్వర్డ్ కోట కట్టిస్తున్న రోజుల్లోనే ఇక్కడ రుద్రమదేవి ఏలుబడి. ఓరుగల్లు రాతికోట, బయట మట్టికోట, కందకాలు అన్నీ ఆ 13వ శతాబ్దం నాటివే. వాళ్ళ ఊరికి ఆ తోరణం పనికిరాదు, అది నీకూ తెలుసు. కానీ నువ్వు ఫొటో చూసి కాపీ కొట్టలేదు, వెళ్ళి చూసి కట్టావని నీ తోరణంలో తెలుస్తోంది. స్తంభాల మధ్య ఖాళీ, పై దూలం బరువు నీకు పట్టుబడ్డాయి. నీ కోటలో లేనిది అందులో ఉంది. నిజంగా చెప్తున్నాను, నువ్వు పంపిన ఫొటోల్లో కోట కన్నా దానికోసమే నేను రెండోసారి చూశాను.

అమ్మాయినని చెప్పాల్సిన పనిలేదు. దాచాల్సిన పనీ లేదు. నీ ఇష్టం. ఫారంలో వయసు అడుగుతారు, అది నిజం రాయి. ఫోన్ నంబరు, కాలేజీ పేరు, నీ ఫొటో ఎవరు అడిగినా ఇవ్వకు. చేర్చుకోవడానికి డబ్బులడిగినా, నీ అకౌంట్ పాస్‌వర్డ్ అడిగినా అది మంచి బృందం కాదు, వచ్చెయ్. లోపల ఎవరైనా నీతో తప్పుగా మాట్లాడితే స్క్రీన్‌షాట్ తీసి బృందాన్ని నడిపేవాళ్ళకి పంపు. వాళ్ళు పట్టించుకోకపోతే అక్కడ ఉండక్కర్లేదు, ఇలాంటి బృందాలు ఇంకా ఉన్నాయి.

అమ్మ సంగతి. ఒక సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని నీ ఇంటి లోపలికి తీసుకెళ్ళు. పొయ్యి ఎక్కడ పెట్టాలో ఆమెనే అడుగు. పొగ ఎటు పోవాలి, కట్టెలు ఎక్కడ ఉండాలి, నీళ్ళ కుండ ఏ మూలన పెట్టాలి అని ఆమె చెప్పేది మన ఇద్దరికన్నా బాగుంటుంది. చదువు దెబ్బతినకుండా చూసుకునే పూచీ మాత్రం నీదే.

చేర్చుకున్నాక మొదట ట్రయల్ ఉంటుంది. ఒక స్థలం ఇస్తారు, పెద్ద బిల్డర్ వచ్చి చూస్తాడు. 'కప్పు మార్చు' అంటాడు, మారుస్తావు. మళ్ళీ 'కిటికీ తీసెయ్' అంటాడు. కొన్నిసార్లు నీ ఇల్లు మొత్తం పీకేసి వీధిని జరుపుతారు. నాకు మొదటి ఏడాదిలో మూడిళ్ళు అలా పోయాయి. మొదటిది పోయినప్పుడు ఏడ్చాను. మూడోది పోయినప్పుడు, జరిపిన వీధిలోంచి నడిచి చూశాను. మలుపు తిరగ్గానే చర్చి గోపురం కనిపిస్తోంది. నా ఇల్లు ఉండగా అది కనిపించేది కాదు.

అప్లికేషన్ పంపాక జవాబు రావడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు, వాళ్ళూ ఉద్యోగాలూ చదువులూ ఉన్నవాళ్ళే. రోజూ అడగకు. ఆ ఖాళీలో నీ ఇంటి ఎడమ పక్కన ఇంకో 7 బ్లాకుల స్థలం గుర్తు పెట్టు. మధ్య గోడ ఇద్దరిదీ ఒకటే. ఈ ఇంటివాడు నీ ఇంటివాడికన్నా కొంచెం బీదవాడు, కప్పు ఒక బ్లాకు తక్కువ ఎత్తు. మీ చూరు నీళ్ళు అతని కప్పు మీద పడతాయి. అక్కణ్ణుంచి మొదలుపెట్టు.